గ్యాస్ బండ లెక్క

గ్యాస్ బండ ఇంటికొచ్చినప్పుడు దాని మీద రెండు బరువులు రాసి ఉంటాయి. ఒకటి ఖాళీ బండది. అది పదిహేను కిలోలకు అటూ ఇటూగా, ఒక్కో బండకి ఒక్కోలా ఉంటుంది. రెండోది లోపలున్న గ్యాస్‌ది, 14.2 కిలోలు. నెలకో నలభై రోజులకో మంట సన్నగిల్లి ఆరిపోతుంది. ఖాళీ బండను గ్యాస్ తెచ్చే అబ్బాయి ఒంటిచేత్తో లేపి ఆటోలో పడేసుకుని పోతాడు.

మరి ఆ 14.2 కిలోలు ఎక్కడికి పోయాయి? కాలిన గ్యాస్ కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారి వంటింటి కిటికీలోంచి బయటపడింది. ఆ కార్బన్ డయాక్సైడ్‌ను ఎవరైనా పట్టి తూచగలిగితే దాదాపు 43 కిలోలు తూగుతుంది. లోపల ఉన్నది పద్నాలుగైతే బయటికొచ్చింది నలభై మూడు. ఇందులో కనికట్టేమీ లేదు, హైస్కూలు కెమిస్ట్రీతో తేలే సంగతే. వంటగ్యాస్ అంటే ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ప్రొపేన్ అణువులో మూడు కార్బన్ పరమాణువులు, ఎనిమిది హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. కార్బన్ భారం 12, హైడ్రోజన్ భారం 1. మొత్తం అణుభారం 44. మండేటప్పుడు ఒక్కో కార్బన్ గాలిలోంచి రెండేసి ఆక్సిజన్లను లాక్కుంటుంది. ఆక్సిజన్ భారం 16 కాబట్టి పుట్టిన కార్బన్ డయాక్సైడ్ అణుభారమూ 44 అవుతుంది. అలాంటివి మూడు పుడతాయి గనక మొత్తం 132, అంటే సరిగ్గా మూడు రెట్లు. బ్యూటేన్‌కైతే మూడు రెట్ల కంటే ఓ పిసరు ఎక్కువే. పెరిగిన బరువంతా గాలి పెట్టిన పెట్టుబడి.

ఈ అధ్యాయంలో ఆ 43 కిలోలనే మన తూకంరాయిగా పెట్టుకుందాం. ఇంట్లో మనం చేసే ప్రతి పనికీ వెనక ఎంత వాయువు వెలువడుతోందో బండల్లో చెప్పుకుందాం. ఎందుకంటే పర్యావరణం గురించి ఇళ్లకు అందే సలహాలన్నీ తూకం లేకుండా వస్తుంటాయి. చార్జర్ ప్లగ్ తీసెయ్యండి, గుడ్డసంచి పట్టుకెళ్లండి, ఏసీ తగ్గించండి, చెట్టు నాటండి. అన్నీ ఒకే గొంతుతో, ఒకే వరసలో! సెల్‌ఫోన్‌ను ఏడాది పొడవునా రోజూ చార్జ్ చేస్తే అయ్యే కరెంటు ఏడెనిమిది యూనిట్లు. బండల్లో చెబితే ఎనిమిదో వంతు. అదే ఇంట్లో బయటి గోడకు తగిలించిన ఏసీలోంచి చప్పుడు లేకుండా డజను బండలు కారిపోతుంటాయి, ఎవరూ చూడరు. కంటికి కనిపించే చిన్నవాటి గురించి మనకు బెంగ ఎక్కువ. బరువైనవన్నీ కనిపించకుండా ఉంటాయి.

సగటు భారతీయుడి వాటా ఏడాదికి సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్. బండల్లో 46. ప్రపంచ సగటు ఇందుకు రెట్టింపు పైన, అమెరికా సగటు ఏడు రెట్లు. ఈ రెండు టన్నుల్లో ఇంటి ఖర్చే కాదు, ఉక్కు, సిమెంటు, రైళ్లు, ఆఫీసులు అన్నీ కలిసి ఉన్నాయి. పైగా ఒక్క ఫ్యానున్న రేకుల ఇంటినీ, నాలుగు ఏసీలున్న మేడనూ కలిపి తీసిన సగటు ఇది. రేకుల ఇంటివాళ్లకు ఈ అధ్యాయంతో పనిలేదు. వాళ్లు ఇంకో ఫ్యాను కొనుక్కోవాలి, కొనుక్కోనివ్వాలి.

ముందు పొయ్యి దగ్గరికే వెళ్దాం. నీళ్లు మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా అవి 100 డిగ్రీలు దాటవు. పెంచిన మంట నీటిని తొందరగా ఆవిరి చేస్తుంది తప్ప పప్పును తొందరగా ఉడికించదు. ఆ ఆవిరి ఊరికే పోదు, బోలెడు వేడిని మోసుకుపోతుంది. కిలో నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి పట్టే వేడితో ఏడు కిలోల మామూలు నీళ్లను మరిగేదాకా తీసుకురావచ్చు. మూత పెట్టడంలో ఉన్న శాస్త్రమంతా ఇంతే. కుక్కర్‌లో ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి పెరుగుతుంది, నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, అందుకే కందిపప్పు అంత త్వరగా మెత్తబడుతుంది. మొదటి కూత వచ్చాక కూడా పెద్ద మంటే ఉంచి ఆరు కూతలు లెక్కపెట్టుకోవడమంటే, ఆరుసార్లు వేడిని బయటికి ఊదేయడమే. కూత రాగానే సిమ్‌లో పెడితే లోపలి వేడి అలాగే నిలుస్తుంది. పప్పు గంట ముందు నానబెట్టడం, గిన్నె అడుగు దాటి మంట పక్కలకు ఎగబాకకుండా చూడటం, ఇవన్నీ కలిపి ఏడాదికి ఒక బండ మిగిలితే గొప్పే. చేయదగ్గ పనే గానీ ఇంటి లెక్కను తలకిందులు చేసేది కాదు.

కట్టెల పొయ్యే నయమేమో అనే వాళ్లుంటారు. చెట్టు మళ్లీ పెరుగుతుంది, గాలిలోని కార్బన్‌ను మళ్లీ పీల్చుకుంటుంది, నిజమే. కానీ ఊళ్లలో కట్టెలు పూర్తిగా మండవు. సగం కాలిన పొగలో కార్బన్ మోనాక్సైడ్, మీథేన్, మసి ఉంటాయి. ఆ మసి గాలిలో ఎండను పట్టి వేడెక్కిస్తుంది, పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద లక్షల ఇళ్లకు గ్యాస్ కనెక్షన్లు వచ్చాక వంటింటి గోడల రంగే మారిపోయింది. ఏడాదికి ఎనిమిది తొమ్మిది బండలు కాల్చే ఇంటిని దోషిలా నిలబెట్టడం నాకు సమ్మతం కాదు.

మరి ఇండక్షన్ పొయ్యి? మంట లేదు, పొగ లేదు. ఇక్కడ మాత్రం లెక్క ఎదురు తిరుగుతుంది. గిన్నెలోకి ఒక యూనిట్‌కు సమానమైన వేడి చేరాలంటే గ్యాస్ పొయ్యి మీద 350 గ్రాములకు కాస్త పైన కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గ్యాస్ వేడిలో మూడో వంతు పక్కలకు పోయినా ఇంతే. మన దేశపు గ్రిడ్ కరెంటు ఒక యూనిట్ తయారు కావడానికి సగటున 700 గ్రాముల పైచిలుకు విడుదలవుతుంది. ఇండక్షన్‌లో వృథా తక్కువే అయినా గిన్నెలోకి చేరిన వేడికి 800 దాకా పడుతుంది. అంటే గ్యాస్‌కు రెట్టింపు పైనే. కారణం రామగుండంలోనో, పరవాడలోనో, ఇబ్రహీంపట్నంలోనో ఉంది. అక్కడ బొగ్గు మండి పుట్టిన వేడిలో మూడో వంతే కరెంటుగా మారుతుంది, మిగతాది కూలింగ్ టవర్లలోంచి ఆకాశంలోకి పోతుంది. వేడిని కరెంటు చేసి, ఆ కరెంటును మళ్లీ వేడి చేయడం చుట్టుదారి. గ్రిడ్‌లో సూర్యుడి వాటా పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గి, ఒకనాటికి తారుమారవుతుంది. ఇవాళ్టికైతే, ఇండక్షన్ కొనుక్కుని భూమికి మేలు చేశాననుకోవడం తొందరపాటే.

కరెంటు యూనిట్‌కు 700 గ్రాములు అన్న అంకెను గుర్తుంచుకుంటే మీటర్ని చూసే చూపే మారుతుంది. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. మన ఊళ్లలో ఏడాదిలో మూడు వందల రోజులు, రోజుకు పదిహేను గంటలు తిరుగుతుందనుకుంటే 340 యూనిట్ల దాకా లెక్క తేలుతుంది. బీఎల్‌డీసీ మోటారున్న ఫ్యాను అదే గాలిని 30 వాట్లతో ఇస్తుంది. ఇందులో తిరిగే భాగంలో శాశ్వత అయస్కాంతాలుంటాయి, కాబట్టి అయస్కాంతత్వం పుట్టించడానికి వేరే కరెంటు తగలేయనక్కర్లేదు. తేడా ఏడాదికి 200 యూనిట్లు, 140 కిలోలు. ఒక్క ఫ్యాను మారిస్తే మూడు బండలకు పైనే! పొయ్యి దగ్గర ఏడాదంతా జాగ్రత్తపడితే మిగిలేదానికి మూడింతలు. ఇంట్లో నాలుగు ఫ్యాన్లుంటే ఎక్కువసేపు తిరిగేదాన్ని ముందు మార్చాలి. అతిథులొచ్చినప్పుడు మాత్రమే తిరిగే హాల్లో ఫ్యాను ఇంకో పదేళ్లు అలాగే ఉన్నా ఫర్వాలేదు.

బల్బుల కథ ముగిసింది కాబట్టి దాన్ని ఎక్కువ సాగదీయను. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంలో కోట్ల బల్బులు ఒకేసారి టోకున కొన్నారు. 2014లో 310 రూపాయలున్న ఎల్‌ఈడీ బల్బు సేకరణ ధర రెండేళ్లు దాటేసరికి 38 రూపాయలకు పడిపోయింది. 60 వాట్ల గుండు బల్బు చేసే పని తొమ్మిది వాట్లతో అయిపోతోంది. ఎవరినీ బతిమాలకుండా, ఎవరి అలవాటూ మార్చకుండా జరిగిన పని ఇది. ఫ్యాన్ల విషయంలో అలాంటిది ఇంకా జరగాల్సి ఉంది.

ఇక ఏసీ. దాని మీద అతికించిన నక్షత్రాల లేబుల్‌ని దగ్గరగా చూస్తే 1600 గంటల వాడకానికి ఎన్ని యూనిట్లు అవుతాయో రాసి ఉంటుంది. ఒకటిన్నర టన్ను, అయిదు నక్షత్రాల ఏసీకి అది సుమారు 800. పదమూడు బండలు! 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే ఏసీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్నది నియమం. దాన్ని 18కి దించేది మన వేలే. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు ఆరు శాతం ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. పద్దెనిమిదికి తిప్పినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు. యంత్రం చల్లబరిచే వేగం దాని టన్నులను బట్టి ఉంటుంది, రిమోట్ మీద అంకెను బట్టి కాదు. 26 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకుంటే చెమట ఆరుతూ ఒంటికి 24లా అనిపిస్తుంది.

అసలు ఏసీ అవసరమా అన్నది ఊరిని బట్టి ఉంటుంది. అనంతపురంలో, నిజామాబాద్‌లో మే నెల వేడి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని లాక్కుంటుంది మరి. విజయవాడలో, కాకినాడలో గాలి అప్పటికే తడితో నిండి ఉంటుంది. అక్కడ కూలర్ పెడితే జిడ్డు తప్ప చల్లదనం రాదు. పై అంతస్తులో ఉండేవాళ్లకు మాత్రం ఎక్కడైనా ఒకటే మందు, డాబా మీద తెల్లటి పూత. నల్లబడ్డ స్లాబు పగలంతా ఎండను మింగి రాత్రంతా పడగ్గదిలోకి వదులుతుంది. తెల్లపూత వేస్తే ఎండలో ఎక్కువ భాగం తిరిగి ఆకాశంలోకే పోతుంది, గది రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది. ఖరీదైన పెయింటు లేకపోయినా సున్నం చాలు, కాకపోతే ఏటా వేసవికి ముందు వేయాలి.

ఏసీ గురించి అసలు చెప్పాల్సింది ఇంకా రాలేదు. ఏప్రిల్ నెలలో ఏ వీధిలోనైనా వినిపించే సంభాషణ ఇది:

“గ్యాస్ తగ్గింది సార్. నింపితే చల్లగ వస్తది.”

“పోయిన ఎండాకాలమే నింపారు కదయ్యా?”

“ఏడాదికోసారి నింపాల్సిందే సార్. బండిల పెట్రోలు లెక్కనే.”

కాదు, పెట్రోలు లెక్క కాదు. పెట్రోలు కాలి ఖర్చవుతుంది. ఏసీలోని గ్యాస్ కాలదు, ఖర్చవదు. మూసిన రాగి గొట్టాల్లో ద్రవంగా మారుతూ, మళ్లీ వాయువవుతూ, లోపలి వేడిని బయటికి చేరవేస్తూ తిరుగుతూనే ఉంటుంది. పదిహేనేళ్లయినా ఆ గ్యాస్ అంతే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. ఎక్కువసార్లు ఆ కారేచోటు బయటి యూనిట్ దగ్గర గొట్టం చివర విప్పార్చి నట్టు బిగించిన జాయింటే. సబ్బునురగ రాసి చూస్తే చిన్న చిన్న బుడగలు లేస్తాయి. ఆ జాయింటును కోసి మళ్లీ చేయడానికి గంట పడుతుంది. గ్యాస్ నింపడానికి పది నిమిషాలు చాలు, డబ్బులు అంతకంటే ఎక్కువే వస్తాయి. మెకానిక్ ఏది చేస్తాడో చెప్పక్కర్లేదు.

ఆ కారిన గ్యాస్ బరువెంత? ఒక ఏసీలో ముప్పావు కిలో నుంచి కిలో దాకా ఉంటుంది. అయితే ఇక్కడ కిలో అంటే కిలో కాదు. వేడిని పట్టి ఉంచడంలో కొన్ని వాయువులు కార్బన్ డయాక్సైడ్ కంటే వందల, వేల రెట్లు బలమైనవి. ఈ మధ్య వస్తున్న ఏసీల్లో ఆర్-32 అనే వాయువు ఉంటుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే 675 రెట్లు. 800 గ్రాములు కారిపోతే 540 కిలోలు, అంటే పన్నెండు బండల పైన. ఏడాదంతా ఆ ఏసీ తాగిన కరెంటు ఎంతో ఇదీ దాదాపు అంతే. అంతకుముందు తరం ఆర్-410ఏ అయితే రెండు వేల రెట్ల పైనే. కిలో కారితే 48 బండలు, సగటు భారతీయుడి ఏడాది వాటా మొత్తం ఒక్క వదులు నట్టులోంచి పోయినట్టే. పాత ఏసీల్లోని ఆర్-22 దాదాపు 1,800 రెట్లు, పైగా అది ఓజోన్ పొరను కూడా తింటుంది. రువాండా రాజధాని కిగాలీలో 2016 అక్టోబరులో ప్రపంచ దేశాలు ఆర్-32, ఆర్-410ఏ లాంటి వాయువులను అంచెలంచెలుగా తగ్గించుకోవాలని ఒప్పందం చేసుకున్నాయి, మన దేశం 2021లో దాన్ని ఆమోదించింది. ప్రొపేన్‌నే, అంటే మన వంటగ్యాస్‌లో ఉండేదాన్నే, చల్లబరిచే వాయువుగా వాడే ఏసీలు కూడా మన మార్కెట్లో పదేళ్లకు పైగా ఉన్నాయి. దాని బలం ఆర్-32లో వందో వంతు కూడా ఉండదు. మండే గుణం ఉంది గనక తక్కువ గ్యాస్‌తో నడిచేలా, జాగ్రత్తగా బిగించాల్సి ఉంటుంది.

ఇల్లు మారేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. ఏసీ విప్పే ముందు గ్యాస్ మొత్తాన్ని బయటి యూనిట్‌లోకి లాగి వాల్వులు మూయాలి. మెకానిక్‌లు దీన్ని పంప్ డౌన్ అంటారు. ఏసీ నడుస్తుండగా ఒక వాల్వు మూసి, కాసేపాగి రెండోది మూయడం, అంతే. తొందరలో ఉన్నవాడు నట్టు వదులు చేసి ‘బుస్స్’మని గాల్లోకి వదిలేస్తాడు, కొత్త ఇంట్లో మళ్లీ నింపడానికి డబ్బు అడుగుతాడు. “పంప్ డౌన్ చేశాకే విప్పు బాబూ” అన్న ఒక్క మాట, నా లెక్కలో, ఒక మనిషి జీవితంలో వాడే గుడ్డసంచులన్నిటి కంటే బరువైనది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కుళాయి గురించి కూడా ఆలోచించాలి. నగరం సముద్రమట్టానికి అయిదు వందల మీటర్ల పైన ఉంది. నాగార్జునసాగర్ నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. కృష్ణ నీళ్లు మన సంపులోకి రావాలంటే వంద కిలోమీటర్లకు పైగా నడవడంతో పాటు దాదాపు 350 మీటర్లు ఎక్కాలి. వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు లేపడానికి భౌతికశాస్త్రం అడిగే కనీస శక్తి 0.95 యూనిట్. పంపుల్లో, పైపుల్లో పోయేది కలిపితే ఒకటిన్నరకు దగ్గరవుతుంది. నగరంలో కుటుంబానికి నెలకు ఇచ్చే ఇరవై వేల లీటర్ల ఉచిత నీళ్లు పూర్తిగా వాడితే, బిల్లులో కనిపించకుండానే ఏడాదికి అయిదు బండలకు పైన ఖర్చవుతాయి. ఇంత దూరం మోసుకొచ్చిన నీటిని ఆర్‌ఓ మెషీన్‌లో పోస్తే లీటరు మంచినీళ్లిచ్చి అంతకు మించి మోరీలోకి వదులుతుంది. లీటరుకు కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఆర్‌ఓ అక్కర్లేదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే చెప్పింది. బోరు నీళ్లకైతే వేరే సంగతి, వాటిని పరీక్ష చేయించుకోవాల్సిందే.

తిండి దగ్గరికొచ్చేసరికి మనకు కోపం వస్తుంది, రావాలి కూడా. తరతరాలుగా తింటున్న అన్నం మీద లెక్కలేమిటని. కానీ వరి మడిలో జరిగేది తెలుసుకోవడంలో తప్పులేదు. నీళ్లు నిలిచిన మడిలో మట్టికి గాలి ఆడదు. అలాంటి చోట బతికే సూక్ష్మజీవులు కుళ్లిన వేళ్లనూ, గడ్డినీ తిని మీథేన్ వదులుతాయి. వరి మొక్క తన వేళ్లకు గాలి అందించుకోవడానికి కాండంలో సన్నటి గొట్టాలు పెట్టుకుంది. అదే దారిలో మీథేన్ పైకి వచ్చేస్తుంది. మీథేన్ వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్లకు పైన. గాలిలో పన్నెండేళ్లే ఉంటుంది, ఉన్నన్నాళ్లూ విపరీతంగా వేడెక్కిస్తుంది. అందుకే దాన్ని తగ్గిస్తే ఫలితం మన కళ్లముందే కనిపిస్తుంది.

ఇక్కడ చేయగలిగింది వంటింట్లో కంటే పొలంలోనే ఎక్కువ. మడిని ఎప్పుడూ నింపి ఉంచకుండా ఆరుతడి కట్టే పద్ధతి ఉంది. చిల్లులు పెట్టిన గొట్టాన్ని మడిలో పాతి, లోపల నీటిమట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగేదాకా ఆగి మళ్లీ తడి పెడతారు. మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, దిగుబడి తగ్గదు. బోరు కింద వరి వేసే రైతుకు నీళ్లూ మిగులుతాయి. ఇంట్లో చేయగలిగింది, వండిన అన్నాన్ని సింకులో పోయకపోవడం. వారానికి రెండు పూటలు జొన్నరొట్టో, రాగిసంకటో తినడం మహబూబ్‌నగర్‌కీ, మదనపల్లెకీ కొత్త కాదు. వాటి పొలంలో నీళ్లు నిలవవు.

గేదె సంగతి ఇంకా ఇరకాటం. నెమరువేసే జంతువుల పొట్టలోనూ వరి మడిలో ఉన్నలాంటి సూక్ష్మజీవులే ఉంటాయి. ఒక పాడిగేదె త్రేన్పుల్లో ఏడాదికి 55 కిలోల దాకా మీథేన్ పోతుంది. మార్చి చూస్తే ఒకటిన్నర టన్ను. అది ఏడాదిలో పద్దెనిమిది వందల లీటర్లు ఇస్తుందనుకుంటే లీటరుకు 850 గ్రాములు. రోజుకు లీటరు పాలు పోయించుకునే ఇంటికి ఏడాదికి ఏడు బండలు. పెరుగన్నం మానేయమని ఏ తెలుగువాడికీ చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పాలనీ లేదు. పిల్లలకు, మాంసం ముట్టని వాళ్లకు పాలే బలం. పులిసిపోయిందని పారబోసే పెరుగు మాత్రం పాపమే. మాంసం తినేవాళ్లకు వెసులుబాటు ఎక్కువ. మేక నెమరువేస్తుంది, కోడి వేయదు. ఆదివారం మటన్‌కు బదులు చికెన్ తెచ్చుకున్నా భారం ఎన్నో రెట్లు తగ్గుతుంది. పప్పుధాన్యాలైతే గాలిలోని నత్రజనిని తామే పట్టుకుంటాయి కాబట్టి యూరియా కూడా పెద్దగా అడగవు.

తడి చెత్త గురించి రెండు ముక్కలు. కూరగాయల తొక్కలు డంపుయార్డులో టన్నుల కింద పూడిపోతే గాలి ఆడక మీథేన్ అవుతాయి. అవే ఇంటి కుండీలో ఎండుటాకులు కలిపి అప్పుడప్పుడూ తిరగేస్తే ఎరువవుతాయి. కుండీ కంపు కొడుతోందంటే లోపలికి గాలి పోవడం లేదనే. ఇంకో గుప్పెడు ఎండుటాకులు వేస్తే సరి.

మేడ మీద చోటున్నవాళ్లకు ఇప్పుడు అన్నిటికంటే పెద్ద అవకాశం సోలార్ పలకలు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. మన ఎండకు ఒక కిలోవాట్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. మూడు కిలోవాట్లయితే ఏడాదికి నాలుగు వేల పైచిలుకు. మూడు టన్నులు, డెబ్బై బండలు. ఇంతవరకూ చెప్పుకున్నవాటిలో ఏ ఒక్కటీ దీనికి సాటిరాదు. కరెంటు పోయినప్పుడు మీ పలకలు కూడా ఆగిపోతాయని ముందే తెలుసుకోండి. అలా ఆగకపోతే మీ ఇంటి కరెంటు తీగల్లోకి ఎగదన్ని, స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ను కొడుతుంది. పలకలు లేని ఇంట్లో కూడా మోటారు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పెట్టె మధ్యాహ్నం వాడటం మంచిది. ఆ వేళ గ్రిడ్‌లో కర్నూలు సోలార్ పార్కుల ఎండ కూడా ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి ఎక్కువగా బొగ్గే.

రోడ్డు మీదికి వస్తే, లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే స్కూటర్ కిలోమీటరుకు 46 గ్రాములు వదులుతుంది. అదే దారిలో ఒక్కడే కూర్చుని తోలే కారు 150 దాకా వదులుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ కిలోమీటరుకు 30 వాట్-అవర్లు తాగుతుంది, మన గ్రిడ్ కరెంటుతో చార్జ్ చేసినా 21 గ్రాములే. పొయ్యి దగ్గర ఓడిపోయిన కరెంటు ఇక్కడెలా గెలిచింది? పెట్రోలు ఇంజను వేడిని కదలికగా మార్చాలి, ఆ మార్పిడిలో ముప్పావు వంతుకు పైగా సైలెన్సర్‌లోంచీ, ఇంజను ఒంట్లోంచీ పోతుంది. మోటారుకు ఆ అవస్థ లేదు. వేడి కావాల్సినచోట మంట మేలు, కదలిక కావాల్సినచోట కరెంటు మేలు. గ్రిడ్ ఇలా ఉన్నంతవరకూ ఇంటికి ఇది పనికొచ్చే సూత్రం.

చివరికి మిగిలింది విమానం. తెలుగు ఇళ్లలో దీని మాట ఎత్తకుండా లెక్క తేలదు. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు వెళ్లి రావడమంటే ఇరవై ఎనిమిది వేల కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఎకానమీ సీటులో ఒక మనిషి వాటా ఒకటిన్నర నుంచి రెండు టన్నుల పైచిలుకు, అంటే నలభై బండల చుట్టూ. బిజినెస్ క్లాసులో ఒక్కొక్కరు ఆక్రమించే చోటు ఎక్కువ గనక ఆ వాటా రెట్టింపుకు పైనే. అంత దూరం కరెంటుతో ఎగిరే విమానం ఇప్పట్లో రాదు, బ్యాటరీల బరువు ఎగరనివ్వదు. కూతురికి పురుడు పోయడానికి వెళ్లే తల్లిని ఆపమని ఎవరంటారు? వెళ్లినావిడ రెండు నెలలకే తిరిగొచ్చి, బారసాలకు ఆయన, అన్నప్రాశనకు మళ్లీ ఇద్దరూ బయల్దేరడం మాత్రం కుదించుకోవచ్చు. సందర్శకుల వీసా మీద మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఇద్దరూ ఒకేసారి వెళ్లి, ఆరు నెలలూ ఉండి, పిల్ల బోర్లాపడటం కూడా చూసి వస్తే, ఒక్కొక్కరికి ఒక్కో ప్రయాణం తప్పి ఎనభై బండలు మిగులుతాయి.